శ్రీనన్న ఫోన్‌లో నేను పెట్టిన సర్టిఫికెట్

ఎవరి ఫోన్ మోగినా నా గుండె దడదడలాడుతుంది. ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాడికి ఇదేం రోగమని నవ్వొస్తే నవ్వుకోండి. హుస్నాబాద్‌లో నన్ను చూడగానే అందరికీ నవ్వే వస్తుంది. ఏళ్లుగా మోస్తున్న ఈ ఒక్క సంగతినే నవ్వులోకి తిప్పడం నాకు చేతకాలేదు. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీరు నా మొహం చూడలేరు.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ అంతా వీడియోలు చూసి నేర్చుకున్నదే. మా రిపేరు దుకాణానికి ఎదురుగా ఎరువుల దుకాణం. శ్రీనన్న, వాళ్లన్న కలిసి నడిపేవాళ్లు. విత్తనాల కంపెనీ సైట్‌లో ఆర్డర్ పెడితే పేజీ తెల్లబోయి ఆగిపోతోందని శ్రీనన్న ఒకరోజు తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

ఫోన్‌కీ సైట్‌కీ మధ్య ఏం నడుస్తోందో చూడటానికి నా లినక్స్ కంప్యూటర్‌ను ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా నిలబెట్టాను. అంతా గజిబిజి అక్షరాలే. తాళం వేసిన మాటలు కదా. అవి తెరుచుకోవాలంటే నేను తయారుచేసిన సర్టిఫికెట్‌ను, అంటే 'ఈ మధ్యవర్తి మనవాడే' అని చెప్పే డిజిటల్ చీటీని, ఫోన్ నమ్మాలి. ఎక్కించాను. నమ్మలేదు. బుర్ర గోక్కుని, గోక్కుని చూస్తే నా కంప్యూటర్‌లో తేదీ ముందుకు పోయి ఉంది. ఇంకా పుట్టనివాడి సర్టిఫికెట్‌ను ఎవరు నమ్ముతారు? తేదీ సరిచేసి, కొత్తది పెట్టాను. అన్నీ తెరుచుకున్నాయి. ఆర్డర్‌తో పాటు పిన్‌కోడ్ పోవడం లేదని తేలింది. ఆయన ఖాతాలోని చిరునామాలో అది నింపి ఇచ్చాను.

ఆ సర్టిఫికెట్‌ను అప్పుడే తీసేయాల్సింది. మరిచిపోయానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆయన మా దుకాణంలో కూర్చుని, మా వైఫై మీద బ్రౌజర్‌లో ఏం చూసినా నా తెర మీదికి వచ్చేది. నాకది ఆటయింది.

ఫోనే ఆయనకు చెప్పబోయింది.

"ఇదేందిరా? నీ నెట్‌ను ఎవలో చూస్తుండొచ్చు అని వస్తుంది?"

అది నా సర్టిఫికెట్ వల్ల వచ్చిన హెచ్చరికే. నోరు మాత్రం ఆగక, ఆయన భార్యను అందులోకి లాగింది.

"ఇంకెవలు చూస్తరన్నా? వదిననే పెట్టించిందేమో. జర పైలం!"

నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత కొన్నాళ్లకు, కరీంనగర్‌లో దుకాణం పెట్టడానికి కిరాయికి షట్టర్ కోసం ఆయన వెతుకుతుండటం నా తెర మీద చూశాను. అన్న నుంచి వేరుపడే ఆలోచన. ఒక షట్టర్ యజమానికి, "మా అన్నకు ఇంకా తెల్వది" అని రాశాడు. చూసి ఊరుకోవచ్చు కదా? శ్రీనన్నతో హోటల్‌లో చాయ్ తాగుతూ, పదిమంది నవ్వుతారన్న ఆశతో, "కరీంనగర్ల షట్టర్ ఎత్తినంక మమ్ముల యాది పెట్టుకుంటవా అన్నా?" అన్నాను. వాళ్లన్న వెనక బల్ల మీదే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నీకెవరు చెప్పారని శ్రీనన్న అడిగితే ఊర్లో అనుకుంటున్నారన్నాను. ఆ సంగతి ఆయన ఇంట్లో వదిన ఒక్కదానికే చెప్పాడట. నా పాత జోకు ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. వదినే తన ఫోన్ చూస్తూ ఊరికి చెప్పిందనుకున్నాడు. అన్నదమ్ములు మాటల్లేకుండా వేరయ్యారు. భార్యాభర్తలు మాటల్లేకుండా కలిసే ఉన్నారు.

వదిన నా దుకాణానికి వచ్చింది. "తమ్మీ, నేనెవలికీ చెప్పలే. నీకు చెప్పినోళ్లెవలో ఆయనకు జర చెప్పరాదు?"

"యాదికి లేదు వదినా" అన్నాను. యాదికి లేదా? ఆమె మెట్లు దిగుతుంటే వెనక్కి పిలవడానికి నోరు తెరిచి, అది తెరిస్తే ఏం బయటికొస్తుందోనని నాకే భయమేసి మళ్లీ మూసుకున్నాను.

స్క్రీన్ గార్డ్ మారుస్తానని ఫోన్ తీసుకుని ఆ సర్టిఫికెట్ తీసేశాను. క్షణం పట్టలేదు. కానీ ఇప్పటికీ శ్రీనన్న ఫోన్ మోగితే, ఫోన్‌లోకి చూసిందంటారేమోనని వదిన లేచి అవతలి గదిలోకి పోతుంది. నేను వాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను. కంచంలోకి చూపు దించాను. జోకు మాత్రం వేశాను.

శ్రీనన్నకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో. ఇక్కడైనా ఒకసారి రాసుకోనివ్వండి.

చూసింది వదిన కాదు. నేను.