తుడిస్తే పోని తెలుపు

మా తమ్ముడు క్లారీ నలభై ఏళ్లు ఆస్ట్రేలియాలోని బండబర్గ్ చెరకు తోటల్లో కోత యంత్రం నడిపాడు. ఎండంటే లెక్కే లేదు వాడికి. అరవై దాటాక వీపు మీది పుట్టుమచ్చ ముదిరి చర్మ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే చంకలోకి, ఊపిరితిత్తుల్లోకి పాకింది. అప్పుడొచ్చింది బుద్ధి. ఇక గడప దాటాలంటే ఎండ తగలకుండా ముఖమంతా తెల్లటి జింక్ క్రీము దట్టంగా పట్టించేవాడు. వాడి అసలు ముఖం చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

మూడు వారాలకోసారి ఆస్పత్రిలో మందు ఎక్కించేవారు. అది క్యాన్సర్‌ను నేరుగా చంపదట, ఒంట్లోని రక్షణ కణాలను లేపి దాని మీదికి ఉసిగొల్పుతుందట. మూడుసార్లయ్యాక చంకలో గడ్డ తగ్గకపోగా పెరిగింది.

ఆ ఆదివారం క్లబ్బు పచ్చికలో బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడి, భోజనానికి మా ఇంటికొచ్చాడు.

"రేపు ఆస్పత్రికి వెళ్లనక్కా. పెరిగేదానికి మందెందుకు? ఉన్న నాలుగు రోజులూ ఆడుకుంటా."

భయమేస్తే నాకు కోపమొస్తుంది.

"చచ్చేవాడివైనా సరే, ముఖం కడుక్కున్నాకే నా బల్ల దగ్గర కూర్చోవాలి. పో."

కడుక్కొచ్చాడు. కనుబొమ పక్కన ఇంకా తెల్లగానే ఉంది.

"ఈ వయసులో ముఖం కడగడం కూడా నేనే నేర్పాలా?" అని తడి తువ్వాలుతో రుద్దాను. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను.

"తోలు ఊడొస్తుందే తల్లీ, వదులు."

కిటికీ దగ్గరికి లాక్కెళ్లి చూశాను. అది క్రీము కాదు. చర్మమే తెల్లబడింది, కనుబొమ వెంట్రుకలతో సహా.

మర్నాడు వాడి రెక్క పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి మరీ చూసింది.

"ఇది ఎన్నాళ్ల నుంచి?"

"ఏమో డాక్టర్‌గారూ, వీడెప్పుడూ క్రీములోనే ఉంటాడు."

"చర్మానికి రంగునిచ్చే కణాల్లోంచే ఈ క్యాన్సర్ పుడుతుంది. మేలుకున్న రక్షణ కణాలు మంచి రంగు కణాలతో సహా ఆ జాతినంతా వేటాడుతున్నట్టున్నాయి, అందుకే ఈ తెలుపు. ఖాయంగా చెప్పలేను గానీ, మంచి సూచనే. గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూద్దాం."

పరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ చెప్పింది, ముక్క నిండా కిక్కిరిసి ఉన్నవి రక్షణ కణాలేనని. గడ్డ పెరిగింది వాటి వాపుతోనే. నేను అక్కడే కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. మందు ఆపలేదు. ఇప్పుడు గడ్డ బఠాణీ గింజంత.

ప్రతి ఆదివారం ముఖం కడుక్కొచ్చి నా ముందు కూర్చుంటాడు.

"తుడువక్కా, పోతుందేమో చూడు."

పోకూడదని దండం పెట్టుకుంటూనే గట్టిగా రుద్దుతాను.