శత్రువు రాలేని ప్లాటు

మా వీధి సుబేదారుగారు రిటైరయ్యే ముందు, సైనికులకిచ్చే ఉచిత శిక్షణలో రియల్ ఎస్టేట్ కోర్సు చేసి వచ్చారు. నూజివీడులో బోర్డు పెట్టి ఆర్నెల్లయినా ఒక్క ప్లాటూ అమ్మలేకపోయారు. ఏ స్థలం చూపించినా ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లు చికిలించి, శత్రువు ఎటునుంచి వస్తాడో చెప్పడం ఆయన అలవాటు. కొనడానికి వచ్చినవాళ్లు బెదిరిపోయేవారు.

"ఈ నెలా ఇంతేనైతే ఏటీఎం దగ్గర కాపలాకి వెళ్లిపోతానండీ" అన్నారోసారి. నాకు జాలేసింది. ఇల్లు కట్టుకోవాలనుకుంటున్న మా అత్తగారిని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

రెడ్డిగూడెం దారిలో మామిడితోట కొట్టేసి వేసిన లేఅవుట్ అది.

"ఈశాన్యం ఎలా ఉందండీ?" అని అడిగారు అత్తగారు.

"అటు కాలవుందమ్మా, ఎవడూ రాలేడు. రావాలంటే ఈ రోడ్డొక్కటే. అర కిలోమీటరు దూరంలోనే కనిపించిపోతాడు."

నేను తల పట్టుకున్నాను. అత్తగారు మాత్రం రోడ్డు వైపు చాలాసేపు చూశారు.

"మా తోడికోడలు చెప్పాపెట్టకుండా వచ్చిపడుతుందండీ. ఆవిడ కూడా కనిపిస్తుందా?"

"ఆటో దిగకముందేనమ్మా! తాళం వేసి, వెనక గేటులోంచి పక్కింట్లోకి వెళ్లిపోయేంత టైముంటుంది."

"అయితే ఇదే ఖాయం చెయ్యండి."

సుబేదారుగారు మడమలు కలిపి సెల్యూట్ కొట్టారు. అత్తగారు కొంగు సర్దుకుని తిరిగి కొట్టారు.