గేజీ మామ, పెన్న లెక్క

పులివెందులలో ఇంజనీరింగు చదివే మా తమ్ముడి మనవరాలు పోయిన వారం సెలవుకు ప్రొద్దుటూరు వచ్చి, ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి తల పట్టుకుంది. తెర మీద ఒక ఏరు. మొదట బుద్ధిగానే పారింది. కాసేపటికి నీటి మట్టం రంపం పళ్లలా లేచి, పడి, చివరికి అంకెలే లేకుండా ఆగిపోయింది. "లెక్క పేలిపోతాంది తాతా, యాడ తప్పో తెలీడంల్యా" అంది. "ఎన్ని నిమిషాలకోసారి చూస్తాండావు?" అని అడిగాను. తొంభైకి దగ్గర పడిన ముసలాయన నోట ఆ ప్రశ్న ఎట్లా వచ్చిందా అని వింతగా చూసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. జమ్మలమడుగులో నీటిపనుల ఆఫీసొకదానిలో నేను లెక్కల గుమాస్తాను, వయసు ఇరవై మూడు. ప్రొద్దుటూరులో ఏటి ఒడ్డున ఉన్న నేతగాళ్ల వీధికి కట్ట ఎంత ఎత్తు పోయాలో తేలాలంటే, పెన్నలో వరద జమ్మలమడుగు నుంచి అక్కడికి ఎట్లా పోతుందో ముందు కాగితం మీద నడిపించాలి. మా ఇంజనీరు గారు గోదావరి వైపు మనిషి. తెల్లచొక్కా, మంచి చదువు, మా సీమ మాట చెవిన పడితే చిన్న నవ్వు. ఏటిని మైలుకొక ముక్క చేసి, ఆరు గంటలకొక వరుస చొప్పున ప్రతి ముక్కలో నీటి లోతు కట్టమన్నారు. ఆరు గంటలే ఎందుకంటే, ఏట్లో పాతిన కొలతరాయి మీద మట్టం చూసి రాసేది ఆరు గంటలకోసారి గనక. ఆ కొలతరాయినే గేజీ అంటారు; ఆ పని గేజీ మామది. ఆయనకు పేరు వేరే ఉంది గానీ ఊళ్లో సాయిబులూ రెడ్లూ అందరం అట్లాగే పిలిచేవాళ్లం.

చేత్తో పిడి తిప్పే లెక్కల యంత్రం మీద మూడు వరుసలు బాగానే వచ్చాయి. నాలుగో వరుసలో ఒక ముక్కలో ఇరవై అడుగులు, పక్క ముక్కలో రెండు. ఐదో వరుసలో అవి తారుమారు. ఏడో వరుసకు పెన్న నేల కింద తొమ్మిదడుగులకు దిగిపోయింది. "నేల కింద ఏరేవిటండీ? మళ్లీ కట్టండి" అన్నారు ఇంజనీరు గారు. మూడుసార్లు కట్టాను. యంత్రానికి నూనె వేశాం. ఏటి అడుగు ఇసుకా, రాయా అని ఆ అంకె మార్చి చూశాం. పెన్న నేల కిందే ఉంది.

నా కూడికల్లో తప్పు లేదని తేలాక అనుమానం గేజీ మామ మీదికి పోయింది. ఏటికి పోకుండా ఇంట్లో కూర్చుని అంకెలు రాస్తున్నాడని ఇంజనీరు గారు కడపకు రాసేశారు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని ఉత్తర్వు వచ్చింది. ఆ కాగితం ఇచ్చి, రిజిస్టరు తీసుకుని, సంజాయిషీ రాయించుకు రమ్మని నన్నే పంపారు.

గట్టు మీద కూర్చుని ఉన్న మామకు కాగితం చదివి వినిపించాను.

"పంతొమ్మిదేండ్లప్పా. జొరమొస్తే మా ఆడమనిషిని పంపిచ్చినా గానీ, చూడకుండా ఒక్క అంకె రాయలే."

తర్వాత, అసలు మీ లెక్క ఏందో చెప్పమన్నాడు. చెప్పాను.

"ఏటిని మైలు మైలుకు కోస్తిరి, చూసేదేమో ఆరు గంటలకోసారి. అంతసేపు ఏరు మీ కోసరం నిలబడుకోనుంటాదా? పోయినేడు పెద్ద వానకు మా చిన్నాయన జొన్నసొప్ప వామి పొద్దున ఈడ కొట్టకపోయె, దాని మీద కోడి. మధ్యాన్నానికి పొద్దుటూర్లో మా బామ్మర్ది ఆ కోడిని పట్టుకున్యాడు. మీరు చూసే తలికి అది కూరై పోయింటాది."

నవ్వాను గానీ, తిరుగుదారిలో ఆ నవ్వు ఆగిపోయింది. ఆరు గంటల్లో నీళ్లు మేము కోసిన ముక్కలన్నీ దాటిపోతున్నాయి. మా లెక్కలో మాత్రం ఒక ముక్కలోని నీళ్లు ఒక వరుసలో పక్క ముక్క దాకానే పోగలవు. వచ్చినదంతా అక్కడే గుట్టపడి, మరుసటి వరుసలో ఉన్నదానికంటే ఎక్కువ బయటికి పోతుంటే, ఏరు నేల కిందికి దిగక ఏం చేస్తుంది?

పోయి ఇదంతా చెబితే, "కోడి సాక్ష్యమాండీ?" అన్నారు ఇంజనీరు గారు. అయినా ముక్కలను నాలుగేసి మైళ్లకు పెంచి, వరుసకు అరగంట చేశారు. మామ రాసిన రెండు మట్టాల మధ్య గీత గీసి, నడుమ గంటలకు అంకెలు తీసుకున్నాం. ఇద్దరం వంతులు వేసుకుని వారం పైగా పిడి తిప్పాం. వరద వచ్చింది, పెరిగింది, ప్రొద్దుటూరు చేరి నిదానంగా తగ్గింది.

లెక్క కుదిరిందని కడపకు రాసి ఆయన ఊరుకోవచ్చు. కింది మనిషి మీద రాసినదాన్ని వెనక్కి తీసుకోవడం ఆ రోజుల్లో ఎవరూ చేసే పని కాదు. ఆయన టైపు కూడా చేయించకుండా సొంత చేత్తో రాశారు, తప్పు మట్టం చదివినవాడిది కాదు, గంటలు ఎంచిన తనది అని.

మామను పనిలోకి తీసుకొమ్మని కొత్త ఉత్తర్వు వచ్చేసరికి ఇరవై రోజులయింది. అదీ, రిజిస్టరూ తీసుకుని ఇద్దరం మామ ఇంటికి పోయాం. గోడ మీద బొగ్గుతో రోజుకు నాలుగు చొప్పున వరుసగా అంకెలు. పని లేకపోయినా రోజూ ఏటికి పోయి చూసి వచ్చినవే.

"రిజిస్టరు మీరు తీసకపోతిరి గదా. యాడ రాయాల?" అన్నాడు, ఇంజనీరు గారి మొగం చూడకుండా.

ఇంజనీరు గారు చెప్పులు విప్పి, గోడ ముందు నేల మీద కూర్చుని, ఆ అంకెలన్నీ ఒక్కొక్కటే రిజిస్టరులోకి ఎక్కించారు.

నా ఇరవై మూడేళ్ల వయసుకు ఆ ఇరవై రోజులు ఒక లెక్క సరిచేసుకున్నంత సేపు. మామ వయసు దాటి వచ్చాక గానీ, అవి ఆయనకు ఎంత పొడుగ్గా గడిచి ఉంటాయో నాకు తట్టలేదు.