హూరా హాల్లో డస్టర్ చప్పుడు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. బహ్రెయిన్‌లో నాది ఏసీలు బాగుచేయించే సూపర్‌వైజర్ ఉద్యోగం. చప్పుడు వస్తే ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడమే నా డ్యూటీ. ఆ ఒక్క చప్పుడే దొరకలేదు.

మా చిన్న ఊళ్లో దొరల కాలంలో కట్టిన ప్రైవేటు కాలేజీ ఉంది. చరిత్ర, తెలుగు, ఫిలాసఫీ చెప్పే బీఏ కాలేజీ. నేనూ అక్కడే చదివాను. రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కొత్త యాజమాన్యానికి ఇంజనీరింగ్ పిచ్చి పట్టింది. బీఏ ఎత్తేసి పాత భవనం కూలగొడతామన్నారు. మా చెల్లెలు కరుణ అప్పుడు అక్కడే బీఏ రెండో సంవత్సరం. ఊరు దాటి పంపనని నాన్న ముందే తేల్చేశాడు. కాలేజీ పోతే దాని చదువూ పోయినట్టే.

పాత విద్యార్థులంతా ఒప్పుకున్నారని చూపించుకోవాలట. అందుకోసం కాలేజీ కరస్పాండెంటు గారు బహ్రెయిన్ దాకా వచ్చారు. అక్కడ సెలవు రోజైన ఒక శుక్రవారం ఉదయం, హూరా అనే పేటలో మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనకు అద్దెకు తీసుకునే హాల్లో, ఆరాధన అయ్యాక మీటింగు పెట్టారు. కాలేజీలో చదివినవాళ్లం కుటుంబాలతో సహా ఉన్నాం. కాదని చెప్పాలని ముందే అనుకుని కూర్చున్నాం.

ఇక్కడ మా ఫిలాసఫీ మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన క్లాసుకు వెనక తలుపులోంచి వచ్చేవారు. వస్తూనే చివరి బెంచీ మీద డస్టర్‌తో రెండు దెబ్బలు వేసేవారు. అందరం లేవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఆయన ముందుకు నడిచివెళ్లి "కూర్చోండి" అనేదాకా నిలబడే ఉండాలి. ఆ భవనం కోసం యాజమాన్యంతో పోట్లాడి పోట్లాడి, ఈ మీటింగుకు ముందు ఏడాదే ఆయన పోయారు.

కరస్పాండెంటు గారు అభివృద్ధి అంటూ చాలాసేపు ఊదరగొట్టి, "ఒప్పుకునేవాళ్లు దయచేసి లేచి నిలబడండి" అన్నారు. ఒక్కరూ కదల్లేదు. అయింది నీ పని, అనుకున్నాను.

అప్పుడు వెనకనుంచి వినపడ్డాయి, చెక్క మీద డస్టర్ దెబ్బలు రెండు.

లేచాను. నేనే కాదు, ఆ కాలేజీలో చదివిన ప్రతివాళ్లూ లేచారు. నా భార్య మా కాలేజీ ముఖమే చూడని మనిషి. నా చొక్కా పట్టి లాగింది. "వద్దని చెప్పడానికొచ్చి మీరే లేస్తారేంటండీ?" అంది. కూర్చోలేకపోయాను. ఇంకా కూర్చోమనలేదు కదా అని బుద్ధిగా నిలబడ్డాను.

కరస్పాండెంటు పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. "దేవునికి స్తోత్రం! అందరూ ఒప్పుకున్నారు" అన్నాడు. పక్కనున్నతను ఫొటో తీసేశాడు.

హాలంతా వెతికాను. కింద కార్పెట్, దాని మీద ప్లాస్టిక్ కుర్చీలు. చెక్క అన్నదే లేదు. వెనక తలుపుకి తాళం వేసి ఉంది. ఏసీలు చక్కగా తిరుగుతున్నాయి. నా భార్యకు ఏమీ వినపడలేదట. లేచినవాళ్లందరం విన్నాం. మేం ఒప్పుకోలేదని, పొరపాటున లేచామని గొంతు చించుకున్నాం. "పొరపాటున ఇంతమంది లేస్తారా బాబూ?" అని ఆ పెద్దమనిషి నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వేసవిలోనే భవనం కూల్చేశారు. ఫొటో కాలేజీ గేటుకి అంటించారట. కరుణ ఫోన్ చేసింది.

"ముందు వరసలో నువ్వే ఉన్నావన్నయ్యా."

జరిగింది చెప్పాను.

"మాస్టారే లేపారంటావు. నా క్లాసు కూలగొట్టడానికి మాస్టారు మిమ్మల్ని లేపుతారా?" అంది.

దాని చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ చప్పుడు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. మాస్టారిదే అయితే, ఆ గోడల కోసం అంత పోరాడిన మనిషి సరిగ్గా ఆ నిమిషంలోనే ఎందుకు కొట్టారో అసలు అంతుపట్టదు. ఎప్పుడైనా ఎదురైతే మాత్రం దణ్ణం పెట్టను. ఎందుకు లేపారు సార్ అని నిలదీస్తాను.