సొంత ఊళ్ళో గుండుతో

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే రోగం ఉంది. చీమ అని మొదలుపెడితే నాలుగో వాక్యానికి దానికి తొండం మొలుస్తుంది. కాబట్టి కింద రాసినదాన్ని సగానికి కోసుకుని చదవండి.

మా ఆవిడ మోకాలి నొప్పి తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. కోరిక తీరాక ఇవ్వడం లోకరీతి. నేను ముందే కొండెక్కి ఇచ్చేసి వచ్చాను, మొహమాటానికైనా సామి తొందరపడతాడని.

"సామికే అడ్వాన్సా? బాగుండాది నీ తెలివి," అంది మా ఆవిడ.

జుట్టు పోయింది. నొప్పి ఉంది.

ఆ మర్నాడే ఆమెకు గాజులు కావాల్సి వచ్చాయి. పెళ్ళైనప్పటి నుంచి గోవిందరాజుల గుడి దగ్గర, రాతి మంటపంలో కూర్చునే ఒక సాయిబు చేతనే వేయించుకుంటుంది. ఆటోను వీధి మొదట్లోనే ఆపేశారు. మిగతాదంతా నడకే, మూడు గంటల ఎండలో.

ఆ వీధి కాశీ దాకా పోతుంది. మంటపానికి లక్ష స్తంభాలు, రెండేసి స్తంభాల నడుమ ఒక అంగడి. నా గుండు మెరుపు చూసి ఇత్తడి సామాన్లాయన సిగ్గుపడి తన బిందెలన్నీ మళ్ళీ తోముకున్నాడు.

ఆమె అడుగడుక్కీ ఆగుతోంది. కూర్చోవడానికి ఇంత చోటు కావాలి, అంతే. మంటపం మెట్ల మీద యాత్రికులు పడి నిద్రపోతున్నారు. సిమెంటు బల్లల మీద వాళ్ళ సంచులు దర్జాగా కూర్చున్నాయి. ఒక బొమ్మల అంగడి అరుగు మీద ఆమెను కూర్చోబెట్టబోతే లోపలాయన తమిళమూ హిందీ కలిపి పిలుస్తూ లేచాడు.

"వాంగ సార్! ఆయియే సేఠ్!"

"మాది ఈ ఊరే అప్పా. ఆమెకు కాలు నొప్పి, రవ్వంతసేపు కూసుంటాది."

"గుండు కొట్టించుకున్నోళ్ళంతా ఇదే మాట సార్, బేరం కోసరం. ఒక బొమ్మ తీసుకోండి, ఎంతసేపైనా కూసోండి."

ఆ బొమ్మ గాలిగోపురమంత ఉంది. ముందుకు కదిలాం.

"పుట్టి పెరిగిన ఊరు కదయ్యా," అంది ఆమె. నాతో కాదు, పక్కనున్న స్తంభంతో.

చివరికి సాయిబు అంగడి వచ్చింది. ఆయన తలెత్తి, "ఏమప్పా, గుండుతో కొత్త పెళ్ళికొడుకు మాదిరి ఉండావే! ఏమ్మా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చినానా?" అని నవ్వి, తను కూర్చున్న పీట ఆమె ముందుకు జరిపాడు.

నేను కల్పించింది ఇదిగో, ఇదే. స్తంభాలూ బిందెలూ పెంచినవి. సాయిబు మాటలు మాత్రం మొత్తం నావే. చూపు తగ్గిందో ఏమో, నిజానికి ఆయన నా గుండు వైపు చూసి, ఏ ఊరని తమిళంలో అడిగాడు. చెప్పబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టి ఆపింది.

"వేలూరు," అంది.

"అయ్యో, యాత్రకొచ్చినోళ్ళు, కూసోండమ్మా," అని తమిళంలోనే అంటూ ఆయన లేచి పీట ఇచ్చాడు.

ఆమె కూర్చుంది. చాలాసేపటి దాకా గాజులు అడగలేదు.