వాన లేని వరద

పోయిన వానాకాలంలో నా బ్లాగు మూసేద్దామనుకున్నాను. నా చదువు పదో తరగతితోనే ఆగింది. లెక్కలు మాత్రం సొంతంగా పట్టుకున్నాను. భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంటే మా ఊరి వాగు మీది చప్టాకు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఏటా చూసి, ఫొటోతో సహా అందులో రాసేవాణ్ణి. చదివేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్ల దుకాణం నడిపే మా బావమరిదికి అదో వేళాకోళం.

"నీ లెక్కలు ఇంకెవరు సదువుతరు బావా? ఏఐనడిగితె చాయ్ చల్లారేలోపు చెప్తది," అన్నాడు.

అడిగి చూశాను. వరదల గురించి, జాగ్రత్తల గురించి పొందికగా చెప్పింది. నేనంత బాగా రాయలేను. ఇక మనకెందుకులే అనుకుని, తీసేసే ముందు ఒకసారి పాత పోస్టులు తిరగేస్తూ కూర్చున్నాను.

అప్పుడే వాగు అవతలి గూడెం నుంచి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. సంతలో ముఖపరిచయం, అంతే. నా నంబరు బ్లాగులో చూసిందట. గూడెంలో ఒక పెద్దావిడకు మర్నాడు పొద్దున డయాలసిస్ ఉంది, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలి. దారి ఒక్కటే, మా చప్టా మీదుగా. కొన్నాళ్లుగా చినుకు లేదు, ఎండ కాస్తోంది, వాగు దిగింది. పొద్దున్నే ఆటోలో పోదామంటున్నాడట పెద్దావిడ కొడుకు. అతనూ ఏఐని అడిగాడట. వాన ఆగితే వాగు తగ్గుతుంది, అయినా అధికారులను అడగండి అందట. అందులో అబద్ధమేమీ లేదు. చాలా వాగులకు సరిపోయే మాటే.

మా వాగు సంగతి వేరు. ఎగువన ఎక్కడో కురిసిన వానకు గోదావరి పెరిగితే, ఆ నీళ్లు వాగులోకి వెనక్కి ఎక్కుతాయి. ఎగపోటు అంటాం. నెత్తిన ఎండ ఉండగానే చప్టా మునుగుతుంది. ఇక్కడ పుట్టినవాళ్లు కూడా ఆకాశాన్ని చూసి మోసపోతారు.

"అన్నా, భద్రాచలం కాడ గోదావరి మొదటి హెచ్చరిక దాటితె తెల్లారేసరికి చప్టా మునుగుతదని మీరు రాసిర్రు. ఇప్పుడు దాని దగ్గరికొచ్చింది. ఏం జేయమంటరు?"

కాసేపు ఆగమన్నాను. నది పెరుగుతున్న తీరును పాత ఏళ్ల పోస్టులతో పోల్చి లెక్కగట్టాను. రాత్రికి హెచ్చరిక దాటేలా ఉంది. నా లెక్క తప్పయితే పెద్దావిడను ఊరికే తిప్పినట్టవుతుంది. సరైనదై వాళ్లు ఆగిపోతే, డయాలసిస్ తప్పుతుంది. ఆమె ఒళ్లు తట్టుకోదు.

"పొద్దుగూకకముందే దాటించు చెల్లె. రేపటిదాక ఆగకుర్రి," అన్నాను.

కొడుకు ఒక పట్టాన ఒప్పుకోలేదట. ఆశా కార్యకర్త నా పోస్టు చదివి వినిపించి, ఫొటో చూపించింది. మునిగిన చప్టా మీద ఎండ మెరవడం చూశాకే అతను ఆటో తీశాడు. ఆ రాత్రి ముగ్గురూ భద్రాచలంలో చుట్టాలింట్లో పడుకున్నారు.

పొద్దున్నే వాగు దగ్గరికి పోయాను. మబ్బు తునక లేదు. చప్టా కూడా లేదు. నీళ్లు నిశ్శబ్దంగా పైకి ఎక్కుతున్నాయి. వరదను చూసి గుండె కుదుటపడటం నాకు అదే మొదటిసారి.

మధ్యాహ్నం ఆశా కార్యకర్త మళ్లీ ఫోన్ చేసింది. డయాలసిస్ అయిందని, పెద్దావిడ అన్నం తిన్నదని చెప్పింది. బావమరిదికి ఇదంతా చెబితే, "అయితె ఏఐ నీ బ్లాగు సదవలేదన్నట్టు," అని నవ్వాడు. అదీ నిజమే. మా చప్టా గురించి రాసినవాళ్లు ఇంకెవరున్నారు? నేను తీసేస్తే మనిషికీ దొరకదు, దానికీ దొరకదు.

మధ్యాహ్నం ఫోన్ పెట్టే ముందు ఆశా కార్యకర్త ఇంకో మాట కూడా అంది.

"ఏమనుకోకుర్రి అన్నా, మీరు మీ ఒడ్డు సంగతే రాసిర్రు. మా దిక్కు పల్లం. ముందు గదే మునుగుతది. నిన్న మేం దాటేటప్పటికే ఆటో చక్రాలు తడిసినయి."

అది నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఇవతల నిలబడే కొలిచాను. ఇక ముందు అవతలి నుంచి ఫొటోలు పంపమని ఆమెను అడిగి, ఆ సాయంత్రమే కొత్త పోస్టు పెట్టాను: గూడెం వైపు ముందు మునుగుతుంది, ఊరి వైపు నుంచి చూసి బయలుదేరకండి.