నాయన మాట్లాడిన రోజు

మా ఊరు జమ్మలమడుగు దగ్గర. ఆ రోజుల్లో ఊరు రెండు పార్టీలు. దెబ్బలు తిన్నవాణ్ణి జీపులో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తడం మా వాళ్లకు అలవాటైన పనే. వరండాలో కూర్చొని వాళ్లు ఎదురుచూసేది ఒక్కదాని కోసమే, మనిషి నోరు తెరిచి మాట్లాడాలి. మాట్లాడితే గండం గడిచినట్టే. డాక్టరు ఏం చెప్పినా అది తర్వాతి సంగతి.

మా నాయన మీద మాత్రం ఎవరూ చెయ్యెత్తలేదు. గొర్రెలు మేపుకొనే మనిషి, పార్టీలో ఉన్నా వెనక వరసలోనే. ఎన్నికలకు ముందు గుండెలో నొప్పి వస్తే, ప్రొద్దుటూరు డాక్టరు చూసి రక్తనాళాలు మూసుకుపోయాయని, బైపాస్ తప్పదని తిరుపతికి పంపాడు. రక్తం ఇవ్వడానికి మావాళ్లు జీపు నిండా వచ్చారు. అమ్మకు అన్న, మా మామ, పులివెందుల నుంచి వచ్చి వాళ్లకు పెద్దదిక్కయ్యాడు. ప్రొద్దుటూరులో టీచరుగా పనిచేస్తున్నానని డాక్టర్లతో మాట్లాడే పని నాకు అంటగట్టారు.

ఆపరేషనైన మరుసటి రోజు నాయన నోట్లోని గొట్టం తీశారు. అమ్మ లోపలికి పోయి చూసి వచ్చింది.

"మాట్లాడినాడు. గొర్రెలకు నీళ్లు పెట్టినారా అని అడిగినాడు."

మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకొని నా వైపు తిరిగాడు. "ఇంగ భయం ల్యా పాపా. పొద్దు గూకేలోపల ఊరు జేరాల. మొగోళ్లు ఊర్లో లేరని తెలిస్తే అవతలి పార్టీవోళ్లు ఊరకుండరు."

ఆగండి, డాక్టరును ఒక మాట అడుగుదాం అన్నాను. మాట్లాడిన మనిషికి డాక్టరెందుకు అన్నట్టు చూశారు. నాకు ఒళ్లు మండింది. ఇల్లు చూసుకొని రేపు వద్దువులే అని అమ్మను కూడా జీపెక్కించుకొని పోయారు.

కాసేపటికే డాక్టరు పిలిచారు. "లాక్టేట్ పెరుగుతోందమ్మా."

ఒంటికి చాలినంత రక్తం అందకపోతే రక్తంలో పేరుకొనేది అది. రెండుకు లోపే ఉండాలట. పొద్దున మూడు ఉంది, ఇప్పుడు ఆరయింది.

"మాట్లాడుతున్నాడు కద సార్?" నేను మాత్రం ఏ ఊరి మనిషిని, నా నోటా అదే వచ్చింది.

"మాట్లాడుతున్నారు. కానీ గుండె చుట్టూ రక్తం చేరుతోందని అనుమానం. మళ్లీ తెరవాలి. ఉన్న రక్తంతో మొదలుపెడతాం, మీవాళ్లను పిలిపించండి."

సెల్లులు ఇంకా మా దాకా రాని కాలం. ఊరికి పోయే దారిలో, కమలాపురంలో మా జీపు ఎప్పుడూ ఆగే టీ అంగడికి ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, వెనక్కి పంపమని బతిమాలాను. నాయనను లోపలికి తీసుకుపోతుంటే నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. మాట్లాడుతున్న మనిషి చచ్చిపోతాడేమోనన్న భయం ఎలాంటిదో నేను చెప్పలేను.

తెల్లారేసరికి జీపు తిరిగొచ్చింది. నాయన బయటపడ్డాడు గానీ మత్తులో ఉన్నాడు, నోట్లో మళ్లీ గొట్టం. తలుపు సందులోంచి చూసిన అమ్మ కూలబడి శోకాలు మొదలుపెట్టింది. "నిన్న మాట్లాడిన మనిషి. ఏం జేసినారు పాపా ఈయన్ని?"

మామ డాక్టరు గది వైపు కదిలాడు. అడ్డం నిలబడ్డాను.

"ఏడవాకమ్మా. మామా, నువ్వు కూచో. నిన్న మాట్లాడేటప్పుడే ప్రాణం మీదికొచ్చింది. ఇప్పుడు మత్తిచ్చి పండబెట్టినారు. రక్తం పరీక్షలో ఆరు ఉండేది నాలుగుకొచ్చింది. ఇంగా తగ్గాల."

గట్టిగానే చెప్పాను గానీ ఆ అంకెను నేనూ పూర్తిగా నమ్మలేదు. ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న నాయనను చూస్తూ నమ్మడం అంత తేలిక కాదు.

అమ్మ నర్సు వైపు తిరిగింది. "మల్లా ఎప్పుడు సూస్తావు రక్తం?"

"ఇంకాసేపట్లో చూస్తామమ్మా."

"అయితే అంతదాంకా ఏడవనులే," అని కొంగు నోట్లో కుక్కుకొని గోడకు ఆనుకుంది. మామ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

నర్సు బయటికొచ్చి, "రెండున్నర," అంది. "తగ్గిందమ్మా."

అప్పుడు ఏడ్చింది అమ్మ, వరండా అంతా వినపడేట్టు. ఊరుకోమని నేను అనలేదు.